ఊదా ముక్కుల పెళ్ళి

పక్క తోటలో పక్షులకు తుమ్ముల జబ్బు పట్టుకుంది. ఒక్క కాకి తుమ్మితే చింతచెట్టు బోడిదైపోయిందంటే చూడండి! గోరింక వెంకాయమ్మ సరిగ్గా అప్పుడే కూతురి పెళ్ళి పెట్టుకుంది. గోరింకలకు ముక్కూ ముక్కూ రాసుకుంటేనే పలకరింపు.

"ఈసారికి ముక్కులు రాసుకోవద్దు వదినా," అంది ఉడుత సీతాలు.

"చుట్టాలు అలిగిపోరూ? ఒక్క ముక్కు నుంచి తోటంతా అంటుకుంటుందా, చోద్యం కాకపోతే!"

సీతాలు వెంకాయమ్మ ముక్కుకు నేరేడు రసం దట్టంగా పూసి, "ఇదే జబ్బనుకుని ఎప్పటిలాగే పలకరించు," అంది. పొద్దువాలేసరికి తోటంతా ఊదా ముక్కులే! పెళ్ళికూతురి ముక్కూ ఊదాగా కనిపించేసరికి వెంకాయమ్మ గొల్లుమంది.

మర్నాడు అందరూ ముక్కులు కడుక్కున్నాక, సీతాలు మళ్ళీ వెంకాయమ్మకే రసం పూసింది. "ఇవాళ దూరం నుంచే తోకలూపుకోండి," అంది. సాయంత్రానికి ఊదా ముక్కులు రెండే మిగిలాయి. ఒకటి వెంకాయమ్మది, రెండోది పెళ్ళాంతో ముక్కు రాసుకోందే ముద్ద దిగని ఆవిడ మొగుడిది.

పెళ్ళినాడు లక్షమంది చుట్టాలు ఒక్కసారిగా తోకలూపారు. ఆ గాలికి పెళ్ళికొడుకు ఏడు కొండల అవతల పడ్డాడు. వెతికి తెచ్చేసరికి ముహూర్తం కాస్తా దాటిపోయింది.

"పోతే పోయిందిలే, ఇంకోటి పెట్టించుకుందాం!" అని పకపకా నవ్వింది వెంకాయమ్మ. "పెళ్ళి చూడ్డానికి అందరం నిక్షేపంలా ఉన్నాంగా!"