బొటనవేలి కండ

లాడ్ బజార్‌లో గాజులమ్మే రుక్మిణమ్మ, పెళ్లికూతురు స్రవ్య చేతికి నాలుగోసారి గాజు తొడగబోయింది. గాజు బొటనవేలి కింది కండ దగ్గరే ఆగిపోయింది.

"చెయ్యి ఢీలా ఇడువు బిడ్డా."

"ఇడిచిన ఆంటీ. అదే బిగుసుకుంటుంది."

"కాబోయే అల్లుడు బంగారం, మస్తు నౌకరీ" అని పక్కన తల్లి మురిసిపోయింది. రుక్మిణమ్మ వేళ్ల కింద ఆ కండ రాయిలా గట్టిపడింది.

రుక్మిణమ్మ స్రవ్య చెవి దగ్గరికి వంగింది. "గా పెండ్లికొడుకు ఇంకోదాన్తోని లేచిపోయిండనుకో!"

స్రవ్య కిసుక్కున నవ్వింది. చెయ్యి మెత్తబడింది. డజను గాజులూ జర్రున మణికట్టుకు జారాయి.

తల్లి సంతోషంగా పర్సు తీసింది.

రుక్మిణమ్మ గాజులన్నీ మళ్లీ ఊడదీసింది. "పైసలొద్దక్కా. నీ బిడ్డ నోరు నీకు భయపడ్డది, కండ భయపడలే. ముందుగాల పోయి పెండ్లి ఆపు."