కాంటా లోపలి తరుగు

"తరుగు కాంటా లోపలే కోసీయాల. బయటికి కనిపించకూడదు," అన్నాడు భావనపాడు చేపల షావుకారు గణపతిరావు.

"దాని కెర్నెల్లోనే, ప్రోగ్రాం గుండెకాయలోనే పెట్టీసేను మావా," అంది ఆ కొత్త ఎలక్ట్రానిక్ కాంటాకి సాఫ్ట్‌వేర్ రాసిన నీలవేణి.

నీలవేణి తల్లి లక్ష్మణమ్మ పాత కాంటా చూపినదానికన్నా తన చేపల బరువు ఎక్కువుందని మొత్తుకున్నప్పుడల్లా, "కాంటా అబద్దమాడతాదేటే?" అని నలుగురిలో ఆమె నోరు మూయించింది గణపతిరావే.

ఇప్పుడు లక్ష్మణమ్మ బుట్ట కాంటా ఎక్కింది. బోర్డు మీద ఎర్రగా మూడు వరసలు వెలిగాయి: సెన్సర్ చూపిన బరువు, గణపతిరావు తరుగు, మిగిలినది.

ఒడ్డంతా అటే చూసింది.

"ఆ పై రెండు వరసలూ తీసీయే!" గణపతిరావు బోర్డుకి అడ్డం వచ్చాడు.

"సెన్సర్ సెప్పింది ఉన్నదున్నట్టు సూపించడమే నాను రాసిన కెర్నెల్ పద్ధతి. కాంటా అబద్దమాడతాదేటి మావా?"

చదువురాని లక్ష్మణమ్మ బోర్డు వైపు చూడనైనా లేదు. ఆ బరువు ఆమె మెడకి ఎప్పుడో తెలుసు. బుట్టెత్తి మళ్ళీ నెత్తిన పెట్టుకుంది.

వెనకనున్న బుట్టలేవీ కాంటా ఎక్కలేదు.