అయిదో మెట్టు

కొందరు మైదానంలో అడుగు పెడితే జట్టు ఓడిపోతుందని కోల్‌కతా ఫుట్‌బాల్ అభిమానుల్లో ఒక నమ్మకం ఉంది.

అటువంటి మనిషిని అక్కడ ‘అపయా’ అంటారు. అచ్చిరానివాడని అర్థం.

గంగాపార్ స్పోర్టింగ్ అభిమానులకు ఆ ఏడాది దొరికిన అపయాకు అరవై ఏళ్లుంటాయి. పేరు ఎవరికీ తెలియదు. అందరికంటే ముందు వచ్చి తూర్పు గ్యాలరీలో అయిదో మెట్టు మీద కూర్చునేవాడు. ఒకవైపు సంచీ, ఇంకొకవైపు గొడుగు, మిగిలిన జాగాలో వార్తాపత్రికలు. ఆరుగురు పట్టే చోటు ఆయనొక్కడిదే.

ఎవరైనా అడిగితే “మావాళ్లు వస్తారు” అనేవాడు.

ఎవరూ వచ్చేవారు కాదు.

ఆయన వచ్చిన ఆరు మ్యాచ్‌లలో జట్టు అయిదు ఓడింది. ఆయన రాకముందు ఆడిన ఏడింటిలో ఆరు ఓడిందన్న సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక ఒక్క మ్యాచ్ మిగిలింది. ఓడితే రెండో డివిజన్. పైగా, ఖాళీ గ్యాలరీల కోసం జట్టును నడపలేనని క్లబ్బు యజమాని ప్రకటించాడు.

లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన గోవిందరాజుకు ఆ వారమంతా నిద్ర పట్టలేదు. శ్రీకాకుళం నుంచి వచ్చిన అతని తాత ఈ నగరంలో మొట్టమొదట సంపాదించుకున్నది ఆ క్లబ్బు సభ్యత్వమే.

మ్యాచ్ రోజున కూతురు మౌక్తికను, తోటి ఫిట్టరు ధనుంజయ్‌ను వెంటబెట్టుకుని గంట ముందే వచ్చాడు. అప్పటికే అపయా పత్రికలు పరిచి కూర్చుని ఉన్నాడు.

“మనకి కోచ్ అన్నోడు నేడు, గోల్‌కీపర్ అన్నోడు నేడు. సెక్రెటరీ బావమరిది సెంటర్ ఫార్వర్డు. ఆపైన ఈడొకడు” అన్నాడు ధనుంజయ్.

“మన ఓనరుకి బంతి గుండ్రంగా ఉంటాదని తెల్దురా. ఈ జాగా నలుచదరంగా ఉంటాదని, అమ్మితే కోట్లొస్తాయని మాత్రం బాగా తెలుసు” అన్నాడు గోవిందరాజు.

“అయితే బావా, ఈడ్ని ఆ ఓనరే పంపేడేమో. ఆరు సీట్లు ఖాళీ సూపించి ఫొటో తీయించుకోడానికి.”

గోవిందరాజుకు ఆ మాటలో తర్కం ఉన్నట్టే తోచింది.

దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. “ఏటి దాదా, మేనేజిమెంటు మనిసా మీరు?”

“ఇప్పుడు నేను ఎవరి మనిషినీ కాను” అన్నాడాయన తెలుగులోనే.

“తెలుగోలే? మరి ఇంత జాగా ఎందుకండీ ఆపుకుని కూకున్నారు?”

“ఇక్కడ బరువు పడకూడదు బాబూ. కింద దూలం తుప్పు పట్టింది.”

“ఎవలు సెప్పేరు?”

“నేనే చూశాను.”

“నా సిన్నప్పట్నించి ఇక్కడే గెంతుతున్నాం. ఎప్పుడూ ఏటీ అవనేదు.”

“మీరేం పని చేస్తారు?”

“ఫిట్టర్ని.”

“అయితే రెండు నిమిషాలు కిందికి రండి. బోల్టు మీ చేత్తోనే తిప్పి చూడండి. పానా కూడా అక్కరలేదు.”

ఆయన గొంతు వణికింది. అబద్ధమాడేవారి గొంతు అలాగే వణుకుతుందని గోవిందరాజు అనుకున్నాడు.

“నాన్నా, ఒకసారి వెళ్లి చూడు” అంది మౌక్తిక. “నా కాళ్ల కింద ఏదో కదులుతోంది. నాకు భయమేస్తోంది.”

“నాకూ బయంగానే ఉందమ్మా. ఈయేళ ఓడిపోతే రేపు ఈ గ్యాలరీయే ఉండదు.”

జట్లు మైదానంలోకి వచ్చాయి. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. అరుపుల్లో వినిపించలేదు.

“మ్యాచ్ అయ్యేక సూస్తానండి. ముందు మీరు బయటికి నడండి” అన్నాడు గోవిందరాజు.

పదిమంది కలిసి ఆయన్ని గేటు దాకా నడిపించారు. ఆయన పెనుగులాడలేదు. గేటు దగ్గర ఆయనే గోవిందరాజు చెయ్యి పట్టుకున్నాడు.

“పోనీ, ఆ అమ్మాయినైనా వేరేచోట కూర్చోబెట్టండి.”

గోవిందరాజు అది బెదిరింపని అనుకుని చెయ్యి విడిపించుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి ధనుంజయ్ పత్రికలు ఎత్తేసి, ఆ జాగా అంతా జనంతో నింపాడు. మధ్యలో మౌక్తికకు చోటు ఉంచాడు.

ఇరవయ్యో నిమిషంలో అవతలి జట్టు గోలు వేసింది.

అరవయ్యో నిమిషంలో గంగాపార్ స్కోరు సమం చేసింది. జనం లేచి గెంతారు. అడుగున ఇనుము కీచుమంది. మౌక్తిక తండ్రి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“సూసేవా బావా? ఆడు పోయేడు, గోలొచ్చింది” అన్నాడు ధనుంజయ్.

“నాన్నా, పైకి పోదాం.”

“ఇప్పుడు జాగా మారకూడదమ్మా. అచ్చొచ్చిన జాగా ఇది.”

ఆఖరి నిమిషంలో రెండో గోలు పడింది. దాని వెంటనే రిఫరీ చివరి విజిల్ ఊదాడు. తూర్పు గ్యాలరీ అంతా ఒక్కసారిగా గెంతింది.

గంగాపార్ స్పోర్టింగ్ 2–1తో గెలిచింది. మొదటి డివిజన్‌లో నిలిచింది.

అయిదో మెట్టు దగ్గర దూలం విరిగి ముప్ఫై ఒక్కమంది కింద పడ్డారు. మౌక్తిక ఎడమ కాలు మూడు చోట్ల విరిగింది. ధనుంజయ్ ఆస్పత్రికి చేరేలోపే మరణించాడు.

మూడో రోజున పోలీసు అధికారి ఆస్పత్రి వరండాలో గోవిందరాజుకు ఒక ఫొటో చూపించాడు.

“ఈయన్ని ఎరుగుదువా?”

“మా గ్యాలరీలో కూకునేవోరండి. పేరు తెల్దు.”

అధికారి ఆయన పేరును సాక్షుల జాబితాలో మొదట రాసుకున్నాడు: భాస్కరరావు, తూర్పు గ్యాలరీ భద్రంగా ఉందన్న పత్రం మీద సంతకం చేయనన్నందుకు క్లబ్బు యజమానే అయిదు నెలల కిందట పనిలోంచి తీసేసిన ఇంజనీరు.