వంద కోట్ల జట్టు

భారత జట్టును వంద కోట్ల మందిలోంచి వడపోసి తీశారని రాజమండ్రిలో అందరూ నమ్మారు. క్లబ్బు గుమ్మానికి కట్టిన బ్యానరు మీద ఆ మాటే ఎర్రటి అక్షరాలతో ఉంది. రాయించినవాడు క్లబ్బు సెక్రటరీ హరిబాబు. రాయించాక అందరికంటే గట్టిగా నమ్మినవాడూ ఆయనే.

అవతలి జట్టు ఐస్‌లాండ్. సముద్రంలో గ్యాసు బావి తవ్వడానికి వచ్చి, ఊళ్లో హోటల్లో దిగిన అయిదుగురు ఇంజనీర్లు. ఆ రోజుల్లో వాళ్ల దేశమంతా కలిపినా మూడు లక్షల జనం లేరు. ఒక్క రాజమండ్రిలోనే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

హరిబాబు మైకు అందుకున్నాడు.

"అంతర్జాతీయ పూల్ పోటీకి విచ్చేసిన పెద్దలందరికీ నమస్కారం. జట్టుకి అయిదుగురు, మనిషికో ఆట. మూడు ఆటలు గెలిచిన జట్టుదే కప్పు. అయితే మనం వంద కోట్లమందిమి, వాళ్లు మూడు లక్షలమంది. ఇది సమానమైన పోటీ కాదండి. అంచేత, న్యాయం కోసం, వాళ్లు ఒక ఆట గెలిచినట్టు ముందే రాసేస్తున్నాం!"

చప్పట్లు మోగాయి.

"వీల్లేదండి."

చప్పట్లు ఆగిపోయాయి. ఆ మాట అన్నది భారత జట్టు కెప్టెన్ దుర్గాశ్రీ, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి. పూల్ బల్లకు ఆనుకుని, బంతులను పొడిచే క్యూ కర్రతో నిలబడి ఉంది.

హరిబాబు మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏంటమ్మా ఇది, అందరి ముందూ? ఇంటికొచ్చిన వాళ్లకి మర్యాదన్నది ఉండొద్దా?"

"మర్యాద చెయ్యడానికి పూతరేకులున్నాయి, కాజాలున్నాయి. ఆటలెందుకండి?"

"అది కాదమ్మా, న్యాయం చూడు. వంద కోట్లలో ఏరిన అయిదుగురెక్కడ, మూడు లక్షల్లో ఏరిన అయిదుగురెక్కడ? పెద్ద చెరువులోనే కదా పెద్ద చేప దొరికేది!"

"చెరువు పెద్దదైతే చాలదు బాబాయ్ గారూ, వల కూడా వెయ్యాలి. గోదావరి నిండుగా పారినా కుక్క గతికే తాగాలి. జనాభా లెక్క కాదండి, ఆడేవాళ్ల లెక్క చూడండి."

"నీ లెక్కలు కాలేజీలో చెప్పుకో."

"సరే, క్లబ్బు లెక్కే చెబుతాను. మేం ఓడిపోతే ఈ బల్ల తీయించేసి, ఈ గది కూడా పేకాటకి ఇచ్చేస్తామని కమిటీలో తీర్మానం పెట్టింది మీరు. ఇప్పుడు ఓ ఆట ధారపోస్తున్నదీ మీరే. మాకున్నది ఈ ఒక్క బల్లండి. మర్యాదల కింద దీన్ని పోనివ్వను."

హరిబాబుకు చెవులు వేడెక్కాయి. మేడ మీద హాలు చాలక రమ్మీ ఆడేవాళ్లు వరండాలో చాపలు వేసుకుంటున్న మాట నిజమే. కానీ ఆట ఇవ్వడం వెనక ఆ ఆలోచన లేదు. అది న్యాయమనే ఆయన మనస్ఫూర్తిగా అనుకున్నాడు. అందుకే ఆ నింద మరింత గుచ్చుకుంది.

"మైకులో చెప్పేశానమ్మా. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేను."

దుర్గాశ్రీ తన కర్రను బల్ల మీద అడ్డంగా పెట్టింది. ఆమె వెనకే లోవరాజు తన కర్ర తెచ్చి దాని పక్కన పెట్టాడు. వీరవేణి, అనంతకృష్ణ కూడా అదే పని చేశారు.

"మిగిలిన ఆటలు కూడా ఇచ్చేయండి, ఓ పనైపోతుంది," అన్నాడు లోవరాజు. "మర్యాదకి లోటుండదు."

హాలంతా ఘొల్లుమంది. ఏం జరుగుతోందని ఐస్‌లాండ్ కెప్టెన్ గున్నార్ అడిగితే, దుర్గాశ్రీ ఇంగ్లీషులో చెప్పింది. అతను నవ్వలేదు.

"తక్కువమంది ఉన్నామని మా మీద జాలి పడమని ఎవరడిగారు?" అన్నాడు హరిబాబు వైపు తిరిగి. "ఆ ఆట మాకూ అక్కర్లేదు."

ఇచ్చేవాడు ఉన్నా పుచ్చుకునేవాడు లేకపోయాడు. హరిబాబు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పోటీ సున్నా నుంచే మొదలైంది.

మొదటి ఆట వీరవేణి గెలిచింది. రెండోది అనంతకృష్ణ ఓడిపోయాడు. మూడో ఆటలో లోవరాజు కొట్టిన, గెలుపు తేల్చే నల్ల బంతి బల్ల మూలనున్న జేబు అంచుదాకా వెళ్లి, అక్కడ ఆగిపోయింది. గున్నార్ ఆ ఆట ఎగరేసుకుపోయాడు. నాలుగోదానికి వచ్చిన దుర్గాశ్రీ అవతలి మనిషికి కర్ర ఎత్తే అవకాశమే ఇవ్వలేదు. బంతి తరవాత బంతిని జేబుల్లోకి పంపి పక్కకు తప్పుకుంది.

రెండు, రెండు.

ఆ ఆట ముందే ఇచ్చేసి ఉంటే కప్పు ఇప్పటికే పరాయివాళ్లదయ్యేది! ఆ సంగతి తట్టేసరికి హరిబాబు తనకు తెలియకుండానే కుర్చీ అంచుకు జరిగాడు. రమ్మీ వాళ్లు సైతం పేకముక్కలు చేత్తో పట్టుకునే మేడ దిగి వచ్చారు. ఆయన ఒక్క ఉదుటున లేచి మైకు లాక్కున్నాడు.

"ఇక అయిదో ఆట! వంద కోట్లలోంచి ఏరి తెచ్చిన మన అయిదో వీరుడు రావాలి! ఎవరమ్మా అతను? ఇంకా రాలేదేంటి?"

దుర్గాశ్రీ తన కర్ర కొనకు సుద్ద రాసి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మీరేనండి."

"నేనా! నాకు దీన్ని పట్టుకోవడం కూడా రాదే!"

"తెలుసండి. అయిదుగురు లేకపోతే పోటీయే లేదని రూలు పెట్టారు కదా, మీ పేరు వేశాం. అందుకే ఇంకో ఆట ఇవ్వద్దన్నాను. ఒకటి ఇదివరకే ఇచ్చేశాం."

హరిబాబు కర్రకేసి చూశాడు, గుమ్మానికి కట్టిన బ్యానరుకేసి చూశాడు. "వంద కోట్లమంది ఉండగా నేనేంటమ్మా?"

"వెతికాం బాబాయ్ గారూ. ఈ ఊరు మొత్తం మీద ఈ ఆట వచ్చినవాళ్లం నలుగురమే."