దిగకుండా ఒక పూట

క్రేను ఆపరేటరు నిచ్చెన దిగేసరికి సూపర్‌వైజరు కిందే నిలబడి ఉన్నాడు.

"పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. ఇనుప దూలాలన్నీ ఎక్కడివక్కడే పడున్నాయి. నువ్వేమో బాత్‌రూముకు పరుగులు! నెలాఖరుదాకా చూస్తా. తగ్గకపోతే నీ సీట్లో ఇంకొకర్ని కూర్చోబెడతా."

పదేళ్లుగా ఆ సీటు అతనిది. ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రం మందుల షాపుకు వెళ్లాడు.

"కడుపులో మంచి బ్యాక్టీరియా పెంచే మాత్రలు, ఎప్పుడూ ఇచ్చేవే. రెండు స్ట్రిప్పులివ్వండి."

పక్కన స్టూలు మీద కూర్చున్న నెరిసిన జుట్టు మనిషి తల తిప్పాడు. "ఎన్నాళ్లుగా వాడుతున్నారు?"

"మూడు నెలలు."

"దేంతో మింగుతారు?"

"మొదటి పెగ్గుతో. తాగుడు పాడుచేసింది మాత్ర బాగుచేస్తుంది కదా!"

ఆయన తల కొట్టుకున్నాడు. "అవి బతికున్న జీవులు బాబూ! బ్రాందీతో స్నానం చేయిస్తే ఎన్ని మిగులుతాయి? మీ పేగుల్లో ముందునుంచీ ఉన్నవాటినీ ఆ సీసాయే చెదరగొడుతోంది. ముందు అది ఆపండి. ఈ మాత్రలు కొనకండి. అప్పటికీ తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లండి."

షాపాయన గుడ్లప్పగించి చూశాడు.

ఆపరేటరుకు ఒళ్లు మండింది. "అడక్కుండా సలహాలివ్వడానికి మీరెవరండీ?"

ఆయన నవ్వేశాడు.

ఉక్రోషంతో మాత్రలు కొనకుండానే ఇంటికొచ్చేశాడు. సంగతంతా విని భార్య సీసాను బీరువాలో పెట్టి తాళం వేసింది.

"నెలాఖరుదాకా చూద్దాం. పోయేదేముంది?"

మొదటి వారం ఆమె మీద చిర్రుబుర్రులాడాడు. రెండో వారం కడుపు కుదుటపడింది. నెలాఖరున క్రేను ఎక్కినవాడు భోజనాల గంట కొట్టేదాకా దిగలేదు.

"బతికిపోయావు. సీటు నీదే," అన్నాడు సూపర్‌వైజరు.

గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఎన్నాళ్లకో హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పని అయిపోగానే పళ్లు కొనుక్కుని నేరుగా మందుల షాపుకు వెళ్లాడు.

"ఆ రోజు నాకు గడ్డి పెట్టిన డాక్టరుగారు ఎప్పుడొస్తారండీ? నోటికొచ్చినట్టు అన్నాను. దండం పెట్టుకోవాలి."

"ఇక రాడు. దూరంగా ఎక్కడికో బదిలీ చేసేశారు."

"అయ్యో! ఏ ఆస్పత్రికి?"

"ఆస్పత్రేంటండీ, మీరడిగిన ఆ మాత్రల కంపెనీ ఏజెంటు ఆయన, ఒక్క ఆర్డరు దొరికితే బదిలీ తప్పుతుందని, ఆ రోజు మీరొచ్చేముందు గంటసేపు వాటినే కొనమని నన్ను బతిమాలాడు."