చివరిదాకా విన్నవాడు

"ఆగు, ఆగు! ఇటుకల మీద నిలబెడతావా బండిని?"

సెల్లారులో బైకు పక్కన కూర్చున్న మనిషి ఉలిక్కిపడి స్పానరు జారవిడిచాడు.

అరిచింది రెండో అంతస్తు పెద్దాయన. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. అపార్ట్‌మెంటులో అందరూ ఆయనకు పెట్టుకున్న పేరు జాగ్రత్త గారు. ఆయన మెట్లు దిగుతుంటే జనం లిఫ్టు ఎక్కుతారు. ఆయన లిఫ్టు ఎక్కితే మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా మెట్లు పట్టుకుంటారు. గ్యాసు ట్యూబు మీద గానీ స్విచ్‌బోర్డు మీద గానీ ఆయన మొదలుపెట్టిన ఏ ఉపన్యాసమూ రెండు నిమిషాలు దాటి బతకలేదు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తన మాట చివరిదాకా వింటే చాలని ఆయన కోరిక.

"ఏ ఫ్లాటు నాయనా?"

"మూడో అంతస్తు బండండీ."

"కొత్తగా వచ్చావా?"

"ఇవాళే వచ్చానండీ."

అదీ సంగతి. ఇంకా ఎవరూ హెచ్చరించినట్టు లేరు.

"రెండు చక్రాలూ విప్పాలి సార్. కొంచెం తొందర."

"తొందరే కొంప ముంచేది! కూర్చో, చెబుతాను."

అతను ఒకసారి గేటు వైపు చూశాడు. తర్వాత బుద్ధిగా కూర్చున్నాడు. జాగ్రత్త గారికి ప్రాణం లేచొచ్చింది.

"ఇటుక ఎప్పుడు పగులుతుందో ఎవరికీ తెలీదు. చెక్క దిమ్మలు కావాలి. ముందు గేరులో పెట్టు. చక్రాలు నేల మీద ఉండగానే నట్లు వదులు చేసుకో. పైకి లేపాక బలం చూపించావో, బండి నీ మీదే పడుతుంది. తర్వాత సెంటర్ స్టాండు. దిమ్మలు ఇంజను కింద పెట్టాలి, సైలెన్సరు కింద కాదు. అరే, హ్యాండిల్ లాకు వేసే ఉందే! భేష్. చాలామంది మర్చిపోతారు."

"అవును సార్, చాలామంది మర్చిపోతారు," అన్నాడతను, అనుభవం మీద.

జాగ్రత్త గారు ఆయాసపడుతూ ఇంట్లోకి పరుగెత్తాడు.

"ఏమోయ్, ఆ చెక్క దిమ్మలెక్కడ?"

"ఎవరు దొరికారండీ, పాపం?" అంది భార్య.

"వింటున్నాడే! కూర్చుని మరీ వింటున్నాడు!" అన్నాడు.

దిగొచ్చేసరికి అతను అక్కడే ఉన్నాడు. ఆయనకు కళ్ళు చెమర్చాయి.

దిమ్మలు పెట్టారు. బండిని పట్టుకుని ఊపి చూశారు. కదల్లేదు. అతను చక్రాలు విప్పుతుంటే జాగ్రత్త గారు స్వయంగా వెనక పట్టుకుని నిలబడ్డాడు. ఆటో కూడా ఆయనే పిలిచాడు. చక్రాలు ఎక్కించడానికి ఒక చెయ్యి వేశాడు.

"మీలాంటివాళ్ళు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉండాలి సార్," అని దండం పెట్టి అతను వెళ్ళిపోయాడు.

జీవితంలో మొదటిసారి దక్కిన మెప్పు. పిల్లలెవరైనా బండికి తగులుతారేమోనని ఆయన కుర్చీ తెచ్చుకుని పక్కనే కాపలా కూర్చున్నాడు.

గంట తర్వాత, మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే నర్సు హెల్మెట్ చేత్తో పట్టుకుని డ్యూటీకని లిఫ్టు దిగి, "నా బండి చక్రాలు ఎవరండీ విప్పింది?" అని ఆయన్నే అడిగింది.