కాపలా వంతు

పెద్ద దేశం తన యుద్ధనౌకలను వెనక్కి తీసుకుపోయాక సముద్రం కాపలా మిత్రదేశాల మీద పడింది. అక్కణ్ణుంచి రేవులో ఇంటికో వంతుగా దిగింది. ఇవాళ కాసులమ్మ వంతు. చేపలు తోముతూనే, పడవల్ని చుక్కలుగా చూపే తెర చూస్తోంది. సంకేతం ఇవ్వని పడవ కనిపిస్తే పేల్చే మీట నొక్కాలి.

సంకేతం లేని చుక్క ఒకటి కనిపించింది.

"నీ మొగుడేనే," అంది అత్త. "సేపలున్న సోటు ఎవులికీ తెలీకుండా సంకేతం ఆపీసుంటాడు."

"పక్క రేవోళ్లూ మనోడేలే అనుకున్నారత్తా. రేవే పోనాది."

కాసులమ్మ పెద్ద దేశానికి ఫోన్ చేసింది. "మిత్రుల నిర్ణయం మీద మాకు పూర్తి నమ్మకముంది," అని రికార్డు చేసిన గొంతు తియ్యగా పలికి ఆగిపోయింది.

చుక్క రేవుకే వస్తోంది. కాసులమ్మ మీట మీద వేలు పెట్టింది. అత్త ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"నువ్వొక్కద్దానివే నొక్కకే," అంది.